అద్దాల బీరువాలో రాళ్ళ ఋతువులు

మార్పులేనితనానికి తెలుగులో రాయే ఉపమానం; చెరగని మాటను శిలాక్షరమనీ, కరగని మనసును బండరాయి అనీ అనడం వాడుక. ఖనిజాలను సేకరించి ఇంట్లో అద్దాల బీరువాలో అమర్చుకునేవారికి మాత్రం ఈ ఉపమానం మీద నమ్మకం ఎక్కువ కాలం నిలవదు, ఎందుకంటే మొదటి వానాకాలంలోనే ఉప్పు స్ఫటికం చెమ్మగిల్లుతుంది, బంగారు రంగులో మెరిసిన పైరైటు చుట్టూ తెల్లటి పొడి రాలడం మొదలవుతుంది, కిటికీ పక్కన పెట్టిన ఊదారంగు రాయి కొన్నేళ్ళకు వెలిసిపోతుంది. భూగర్భంలో ఒకానొక వేడిలో, ఒత్తిడిలో, నీటి సమక్షంలో రూపు కట్టిన పదార్థం తన పుట్టుకతో ఏ సంబంధమూ లేని గది గాలిలోకి వచ్చినప్పుడు, కొన్ని ఖనిజాలు ఆ మార్పును ఖాతరు చేయవు, కొన్ని మెల్లమెల్లగా లొంగిపోతాయి. ఏ రాయి ఏ కోవకు చెందినదో తెలుసుకోవడమే ఇంటి సేకరణలో అసలు పని; అందంగా అమర్చడం దాని తరువాతి మాట.

ఖనిజం అంటే ప్రకృతిలో దానంతట అదే ఏర్పడిన, నిర్ణీతమైన రసాయన కూర్పు కలిగిన, పరమాణువులు ఒక క్రమంలో పేర్చుకొని ఉన్న ఘనపదార్థం. ఇటువంటి ఖనిజాల ముద్దను శిల అంటారు. వంటింటి గట్టు మీద పరిచే గ్రానైటు శిల కాగా, అందులో తళుక్కుమనే అభ్రకం, గాజుముక్కల్లా కనిపించే క్వార్ట్జ్, పాలిపోయిన గులాబి రంగు ఫెల్డ్‌స్పార్ ఖనిజాలు. లోపలి పరమాణు క్రమం పైకి నున్నని తలాలుగా, పదునైన అంచులుగా వ్యక్తమైనప్పుడు దానిని స్ఫటికం అని పిలుస్తారు. అలా వ్యక్తం కావాలంటే పెరగడానికి చోటు, తీరిక రెండూ కావాలి. ఇరుకున పడి పెరిగిన క్వార్ట్జ్ పొలం గట్ల మీద దొరికే తెల్లని పలుగురాయి అవుతుంది, ఖాళీ తొర్రలో పెరిగిన అదే క్వార్ట్జ్ ఆరు పలకల స్తంభమై కొసన మొన తేలుతుంది.

ఈ లోపలి క్రమానికి తొలి ఆనవాళ్ళు రెండు ఒకే ఏడాది లోకానికి అందాయి. 1669లో డెన్మార్కు దేశస్థుడైన నికొలాస్ స్టెనో ఫ్లోరెన్సులో ప్రచురించిన గ్రంథంలో, క్వార్ట్జ్ స్ఫటికం పొట్టిదైనా పొడుగుదైనా, ఒక వైపు బలిసి మరో వైపు చిక్కినా, దాని తలాల మధ్య కోణాలు మాత్రం మారవన్న సంగతిని సూచించాడు. అదే సంవత్సరం కోపెన్‌హేగన్‌లో ఎరాస్మస్ బార్తొలిన్, ఐస్‌లాండు నుంచి వచ్చిన కాల్సైటు పలక గుండా చూస్తే ఒక్క గీత రెండు గీతలుగా కనిపించడాన్ని వర్ణించాడు. స్టెనోకు గురువైన థామస్ బార్తొలిన్ ఈ ఎరాస్మస్‌కు స్వయానా అన్న కావడం ఒక ముచ్చట. బయటి కోణాలకు లోపలి అమరికే కారణమన్నది ఎక్స్‌రే కిరణాల సాయంతో రుజువు కావడానికి 1912లో మాక్స్ ఫాన్ లావే బృందం చేసిన ప్రయోగం దాకా ఆగవలసి వచ్చింది గాని, స్టెనో చూసినదాన్ని చూడడానికి నేటికీ బడిపిల్లల కోణమానిని చాలు: ఏ దేశపు క్వార్ట్జ్ అయినా, దాని స్తంభపు పక్కపక్క పలకల మధ్య 120 డిగ్రీలే ఉంటాయి.

తెలుగువారికి ఖనిజాలతో పరిచయం అలమరల కన్నా ముందు అంగళ్ళలో కలిగింది. పచారీ కొట్లలోనూ మూలికల దుకాణాల్లోనూ తరతరాలుగా అమ్ముడైన పటిక, మైలుతుత్తం, అన్నభేది, ఇంగిలీకం, హరిదళం, మణిశిల అన్నవన్నీ ఖనిజాల పేర్లు గాని, ఖనిజ లవణాల పేర్లు గాని. పటిక అన్న మాట స్ఫటిక శబ్దం నుంచి వచ్చినదే కనుక, పటికబెల్లం పలుకును చేతిలో పట్టుకున్న పిల్లవాడి దగ్గర పేరుకూ ఆకారానికీ తగిన స్ఫటికం ఉన్నట్టే. అభ్రకానికి కాకిబంగారం అని పేరు పెట్టినవారు దాని మెరుపునూ విలువనూ ఒకే మాటలో తూచారు. కెంపులకూ నీలాలకూ మూలమైన ఖనిజాన్ని నేడు ప్రపంచమంతా కోరండం అని పిలవడానికి దక్షిణ భారతంలోని కురుందం, కురువిందం అన్న పదాలే ఆధారం.

భారతదేశంలో ఇంటి సేకరణ మొదలుపెట్టేవారి చేతికి తరచుగా మొదట వచ్చేవి దక్కను పీఠభూమి ఖనిజాలు. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం పశ్చిమ భారతంలో భూమి బీటలు వారి, పొర మీద పొరగా పరచుకున్న లావా గడ్డకట్టి బసాల్టు అనే నల్లరాయి అయింది. దాని విస్తీర్ణం నేటికీ దాదాపు ఐదు లక్షల చదరపు కిలోమీటర్లు ఉండగా, అందులో కొంత భాగం తెలంగాణలోని ఆదిలాబాదు, వికారాబాదు, జహీరాబాదు ప్రాంతాల నేలగా ఉంది, ఒక తునక మాత్రం ఎంతో దూరాన గోదావరికి ఇరువైపులా కాటేరు, పంగిడి పరిసరాల్లో బయటపడుతుంది. కరిగిన లావాలో చిక్కుకున్న వాయువుల బుడగలు రాయి గట్టిపడ్డాక గూళ్ళుగా మిగిలాయి. తరువాతి కాలంలో బసాల్టులోకి ఇంకిన గోరువెచ్చని, వేడి నీరు ఆ రాతి నుంచే సిలికా, కాల్షియం, అల్యూమినియం వంటివాటిని కరిగించుకొని ఈ గూళ్ళలోకి చేర్చి, అక్కడ వాటిని స్ఫటికాలుగా వదిలింది. పూర్తిగా నిండిపోయిన చిన్న గూడు చూడడానికి బాదంపప్పులా ఉంటుంది కనుక భూవిజ్ఞానులు దానికి బాదం అన్న అర్థం వచ్చే గ్రీకు మాటనే పేరుగా పెట్టారు. సేకర్తలకు కావలసింది సగం నిండి ఆగిపోయిన పెద్ద గూడు, ఎందుకంటే స్ఫటికానికి మొన తేలే చోటు మిగిలేది అక్కడే.

జల్‌గావ్, నాసిక్, పుణె, పూర్వపు ఔరంగాబాదు ప్రాంతాల్లో బావులు తవ్వేవారికీ, కంకర కోసం కొండను పేల్చే క్వారీల కూలీలకూ ఈ గూళ్ళు ఎదురవుతూ ఉంటాయి. క్రషర్‌లో పడి రోడ్డు కంకరగా మారేవాటితో పోలిస్తే బయటికి జాగ్రత్తగా తీసినవి బహు కొద్ది. పందొమ్మిదో శతాబ్ది నడుమ ముంబయి, పుణెల మధ్య భోర్ ఘాట్ రైలుమార్గం కోసం సొరంగాలు తొలిచినప్పుడు దొరికిన నమూనాలు ఐరోపా మ్యూజియంలకు చేరి, దక్కను పేరును ఖనిజ ప్రేమికుల్లో స్థిరపరిచాయి. నాసిక్ దగ్గరి సిన్నర్‌లో ఉన్న ఖనిజ మ్యూజియం పేరు గార్‌గోటి. పలుగురాయి ముక్కకు మరాఠీలో ఉన్న పేరది.

అరచేయంత ఒక జల్‌గావ్ నమూనాను దగ్గరగా చూస్తే దక్కను కథ సగం అందులోనే ఉంటుంది. అడుగున ముదురు గోధుమ రంగు బసాల్టు పెచ్చు. దాని మీద లేత నారింజ రంగులో, నడుము దగ్గర బిగించి కట్టిన వరిమోపులా రెండు కొసలా విచ్చుకున్న స్ఫటికాలు స్టిల్‌బైటు. వాటి నడుమ నీటిచుక్క గట్టిపడ్డట్టు పారదర్శకంగా నిలబడిన చదరపు స్తంభాలు అపోఫిల్లైటు. అపోఫిల్లైటు స్తంభాన్ని వెలుతురులో కాస్త వంచితే పక్క పలకల మీద నిలువు గీతలు, గాజు మెరుపు కనిపిస్తాయి, తల మీది పలకలో మాత్రం ముత్యపు నిగారింపు ఉంటుంది. ఈ తేడాకు కారణం నిర్మాణంలో ఉంది: అపోఫిల్లైటులో సిలికా పొరలు పొరలుగా అమరింది, పొరల మధ్య పట్టు బలహీనం, ముత్యపు నిగారింపు ఆ పొరల మీద నుంచి తిరిగివచ్చిన వెలుతురు. అదే బలహీనత వల్ల కింద పడితే ఈ స్ఫటికం నిట్టనిలువునా చీలదు, తలను చెక్కినట్టు అడ్డంగా విరుగుతుంది.

స్టిల్‌బైటు జియొలైటుల కుటుంబానికి చెందినది. 1756లో స్వీడన్ ఖనిజశాస్త్రవేత్త ఆక్సెల్ క్రాన్‌స్టెట్ ఒక ఖనిజాన్ని మంటలో కాల్చినప్పుడు అది నురగలు కక్కుతూ ఉడికినట్టు కనిపించడంతో, గ్రీకులో ఉడికే రాయి అన్న అర్థంలో ఈ పేరు పెట్టాడు. జియొలైటు లోపల సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్ కలిసి అల్లిన పంజరం ఉంటుంది. ఆ పంజరపు గదుల్లో నీటి అణువులు అద్దెకున్నట్టు ఉంటాయి గాని గోడల్లో భాగం కావు, అందువల్ల వేడి తగిలితే ఇల్లు కూలకుండానే అవి వెళ్ళిపోగలవు. బట్టల సబ్బుపొడిలో నీటి కాఠిన్యాన్ని తగ్గించడానికి కలిపే కృత్రిమ జియొలైటు పనిచేసేది ఈ గదుల వల్లనే. అయితే ఈ కుటుంబంలోనే లామొంటైటు అన్న ఖనిజానికి ఈ నిబ్బరం లేదు. గని తేమలో నుంచి బయటికి తీసిన కొంతకాలానికి మామూలు గది గాలిలోనే అది నీటిలో కొంత కోల్పోయి, తెల్లబారి, చిట్లి, చివరకు ముగ్గుపిండిలా రాలిపోతుంది. కొన్న రోజున స్ఫటికం, ఏడాది తిరిగేసరికి పిండి అన్న ఫిర్యాదులో అమ్మినవాడి మోసం కన్నా ఖనిజ స్వభావం పాలే ఎక్కువ.

నీటిని పోగొట్టుకునే ఖనిజాలు, నీటిని పీల్చుకునే ఖనిజాలు రెండూ ఒకే అరలో ఉండడమే ఇంటి సేకరణలోని చిక్కు. తెలుగు ప్రాంతపు వాతావరణం ఈ చిక్కును రెట్టింపు చేస్తుంది, ఎందుకంటే రామగుండం, కొత్తగూడెం వంటి చోట్ల వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే రోజుల్లో గాలి పొడిబారి స్ఫటికాల నీటిని లాగుతుంది, కోస్తాలోనేమో శ్రావణ భాద్రపదాల్లో గోడలే చెమ్మగిల్లుతాయి. వెలిగారం అనే బోరాక్సు స్ఫటికం పొడిగాలిలో నీటిని వదిలి సుద్దముక్కలా తెల్లబడుతుంది. అయిదు నీటి అణువులను అంటిపెట్టుకున్న మైలుతుత్తపు నీలి స్ఫటికం మీద పాలిపోయిన పొర కడుతుంది. ఉప్పు కథ దీనికి ఎదురు. గాలి ఆ వేడిలో మోయగలిగిన తేమలో ఎంత శాతం మోస్తున్నదో చెప్పే లెక్కను సాపేక్ష ఆర్ద్రత అంటారు. అది దాదాపు 75 శాతం దాటిన క్షణం నుంచి ఉప్పు గాలిలోని తేమను తన మీదికి లాక్కొని అందులో తానే కరగడం మొదలుపెడుతుంది. వానాకాలంలో ఉప్పు జాడీ మూతను పదేపదే బిగించే గృహిణికి ఈ గీటురాయి అంకె తెలియకపోయినా ఆచరణ తెలుసు. ఉప్పు స్ఫటికాన్ని మూత గట్టిగా పట్టే చిన్న పారదర్శకపు డబ్బాలో, మందుసీసాల్లోనూ చెప్పుల పెట్టెల్లోనూ వచ్చే సిలికా జెల్ పొట్లంతో కలిపి ఉంచడమే దీనికి మందు, పైగా ఆ పొట్లాన్ని ఏడాదికొకసారైనా మార్చాలి.

వీటన్నిటిలో అపకారం చేసేది పైరైటు. ఇనుము, గంధకం కలిసిన ఈ ఖనిజం ఇత్తడి బంగారం మధ్య రంగులో మెరిసి ఎందరినో బంగారమని భ్రమింపజేసింది. స్పెయిన్‌లోని నవాహున్ నుంచి వచ్చే, పాచికలంత కచ్చితమైన పెద్ద ఘనాకారపు పైరైటులు సాధారణంగా దశాబ్దాలు చెక్కుచెదరవు. సన్నని రేణువులతో గుల్లగా ఉన్న పైరైటు, అదే కూర్పుతో వేరే అమరిక గల మార్కసైటు మాత్రం, ఆర్ద్రత 60 శాతం దాటిన గాలిలో ఆక్సిజన్‌తో కలిసి త్వరత్వరగా క్షీణిస్తాయి. ఆ చర్యలో పుట్టేవి రెండు: ఒకటి ఐరన్ సల్ఫేటు, అంటే మూలికల దుకాణంలోని అన్నభేదియే, మరొకటి గంధకామ్లం. పులిసిన వాసన, రాయి చుట్టూ బూడిదరంగు లేదా పసుపు కలిసిన తెల్లపొడి, కింద పరిచిన అట్ట గోధుమరంగుకు తిరిగి పొడిపొడి కావడం దీని లక్షణాలు. ఆమ్లం పక్కనున్న కాల్సైటు పలకను తినగలదు, రాయి పేరు రాసిన చీటీని మాడ్చగలదు. పెద్ద మ్యూజియంలు సైతం ఈ జబ్బుతో పోరాడుతూనే ఉన్నాయి. ఇంట్లో చేయగలిగింది అనుమానం కలిగిన ముక్కను వెంటనే వేరు చేయడం, పొడిని బ్రష్షుతో దులిపి, సిలికా జెల్ డబ్బాలో ఏకాంతవాసం విధించడం.

వెలుతురు చేసే మార్పు వేరే తరహాది. అమెథిస్టు అనే ఊదారంగు క్వార్ట్జ్‌లో రంగు రావడానికి, సిలికాన్ ఉండవలసిన స్థానాల్లో అతి స్వల్పంగా చేరిన ఇనుము, దాని మీద లక్షల ఏళ్ళు పరిసర శిలల నుంచి పడిన సహజ వికిరణం రెండూ కారణాలు. వికిరణం కదిలించిన ఎలక్ట్రాన్లు తమ పాత చోటికి తిరిగి చేరకుండా చిక్కుకొని ఉన్నంతవరకే ఆ రంగు. ఎండ గాని, వేడి గాని ఆ చిక్కును విడదీస్తాయి. అమెథిస్టును కొలిమిలో కొన్ని వందల డిగ్రీలకు వేడిచేస్తే పసుపు, నారింజ రంగులకు తిరుగుతుంది. దీని మీదే ఒక వ్యాపారం నడుస్తున్నది, బజారులో సిట్రిన్ పేరుతో అమ్మేవాటిలో చాలా భాగం ఇలా కాల్చిన అమెథిస్టే. ఎర్రని మణిశిల విషయంలో నష్టం రంగుతో ఆగదు: ఆర్సెనిక్, గంధకం కలిసిన ఈ ఖనిజపు అణువు వెలుతురు సోకిన కొద్దీ తన ఆకారాన్ని మార్చుకొని, పారారియాల్గర్ అనే పసుపుపొడిగా రాలుతుంది. ఇంగిలీకం వెలుతురుకు నల్లబారుతుంది. ఈ మూడింటికీ తగిన చోటు కిటికీ ఎదుటి అద్దాల అర కాదు, మూసి ఉండే సొరుగు. చూడాలనుకున్నప్పుడు తీసి చూసుకునే రాయికి ఆయుష్షు ఎక్కువ. బీరువాలో దీపాలు పెట్టదలిస్తే, పాతకాలపు హాలోజన్ బల్బుల కన్నా వేడి తక్కువ వెదజల్లే ఎల్ఈడీలు మేలు.

దుమ్ము సంగతి చాలామంది తేలికగా తీసుకుంటారు. 1812లో జర్మనీకి చెందిన ఫ్రీడ్రిష్ మోస్ ప్రతిపాదించిన కాఠిన్యపు వరుసలో, ఏది దేన్ని గీయగలదన్న పోలిక మీద ఒకటి నుంచి పది దాకా అంకెలున్నాయి. ఆ వరుసలో కాల్సైటు 3, ఫ్లోరైటు 4, క్వార్ట్జ్ 7. వీధి దుమ్ములో సన్నని ఇసుక, అంటే క్వార్ట్జ్, ఎప్పుడూ ఉంటుంది కనుక, పొడి గుడ్డతో కాల్సైటును తుడవడమంటే మెత్తని చేత్తో ఆకురాయి పట్టి రుద్దడమే. కెమెరా కటకాలు శుభ్రపరిచే రబ్బరు గాలిబుడ్డితో ఊది, మిగిలినదాన్ని మెత్తని కుంచెతో తీయడం సురక్షితం. క్వార్ట్జ్‌ను నీటితో కడగవచ్చు. జియొలైటుల మీద నిమ్మరసం గాని, మరుగుదొడ్డి శుభ్రపరిచే ఆమ్లం గాని పోయడం తప్పు, ఎందుకంటే ఆమ్లం వాటి పంజరంలోని అల్యూమినియాన్ని లాగి మెరుపును శాశ్వతంగా పోగొడుతుంది. పుణె, ముంబయి ప్రాంతాల గూళ్ళలో దొరికే ఓకెనైటుకైతే నీళ్ళూ కూడదు, వేలూ కూడదు. కంటికి పగిలిన పత్తికాయలోని దూదిపింజలా కనిపించే ఈ తెల్లని ఉండ వేలకొద్దీ సన్నని స్ఫటిక తంతువుల కట్ట; చూసిన ప్రతివారికీ ముట్టుకోవాలనిపిస్తుంది, ఒక్కసారి వేలు ఆనితే తంతువులు వంగి అణిగిపోతాయి, ఏ కుంచే వాటిని తిరిగి లేపలేదు. ఇంటికి వచ్చే బంధువుల పిల్లల దృష్ట్యా ఓకెనైటుకు పై అర కేటాయించడం అనుభవజ్ఞుల పద్ధతి.

అమరిక విషయంలో తెలుగిళ్ళకు బొమ్మల కొలువు రూపంలో చక్కని శిక్షణ ఉంది. చిన్నవి ముందు మెట్టు మీద, పెద్దవి వెనుక మెట్టు మీద ఉంచడం, ఒకదాని నీడ మరొకదాని మీద పడకుండా చూడడం, వెనుక తెర రంగు తక్కువగా ఉంచడం అన్న కొలువు సూత్రాలే స్ఫటికాలకూ వర్తిస్తాయి. అదనంగా చూసుకోవలసింది బరువు. పది సెంటీమీటర్ల ఘనం నీరు ఒక కిలో తూగితే, అంతే పరిమాణం గల క్వార్ట్జ్ రెండున్నర కిలోలు దాటుతుంది, ప్రపంచంలోని అతి పెద్ద నిక్షేపాల్లో ఒకటైన రాయలసీమలోని మంగంపేట గనుల నుంచి వచ్చే ముగ్గురాయి, అంటే బెరైటు, నాలుగున్నర కిలోలు తూగుతుంది, సీసపు ముడిఖనిజమైన గెలీనా ఏడున్నర కిలోలు తూగుతుంది. గాజు అరలు విరిగే ఇళ్ళలో సాధారణంగా నేరం గెలీనాదే. ఇరుకు ఇళ్ళవారికి ప్రపంచ సేకర్తల లోకంలో బాగా ప్రచారంలో ఉన్న బొటనగోటి పరిమాణం అనువైనది: ఒక అంగుళపు ఘనంలో ఇమిడే నమూనాలను చిన్న ప్లాస్టిక్ డబ్బాల్లో బిగించి ఉంచితే, ఒక సొరుగులో వంద జాతులు పడతాయి, దుమ్మూ తేమా సమస్య కూడా చాలావరకు తీరుతుంది. పెద్ద రాళ్ళ ఆడంబరం కన్నా ఈ చిన్నవాటిలోనే లోపంలేని స్ఫటికం దొరికే అవకాశం ఎక్కువన్నది ఒప్పుకోవలసిన మాట.

నకిలీల గురించి ఒక హెచ్చరిక చాలు. అంగళ్ళలో అమ్మే నీలి మైలుతుత్తపు గుత్తులు దాదాపుగా గిన్నెలో పెంచినవి, ఇంద్రధనుస్సు మెట్ల ఆకారంలో ఉండే బిస్మత్ స్ఫటికాలు కరిగించిన లోహం నుంచి తీసినవి, కొట్టొచ్చినట్టుండే గులాబి, నీలి అగేటు పలకలు రంగునీటిలో నానినవి. స్ఫటికమాలల్లో గాజుపూసలు కలిసిపోవడం పాత సంగతి. క్వార్ట్జ్ గాజు కన్నా ఎన్నో రెట్లు వేగంగా వేడిని తీసుకుపోతుంది కనుక చెంపకు ఆనిస్తే ఎక్కువ చల్లగా తగులుతుంది, గాజులో గుండ్రని గాలిబుడగలు భూతద్దంలో కనిపిస్తాయి. ఇక స్ఫటికాలు రోగాలను తగ్గిస్తాయన్న ప్రచారానికి శాస్త్రీయాధారం లేదు. 2001లో బ్రిటన్ మనస్తత్వ శాస్త్రవేత్త క్రిస్టఫర్ ఫ్రెంచ్ వెల్లడించిన అధ్యయనంలో, నకిలీ స్ఫటికం పట్టుకున్నవారూ అసలుది పట్టుకున్నవారూ ఒకే రకమైన అనుభూతులను చెప్పారు. రాళ్ళను నానబెట్టిన నీటిని తాగే అలవాటు మాత్రం నమ్మకం పరిధిని దాటి ప్రమాదంలోకి వెళుతుంది, ఎందుకంటే మణిశిల, హరిదళాల్లో ఆర్సెనిక్, ఇంగిలీకంలో పాదరసం, గెలీనాలో సీసం ఉన్నాయి.

తెలుగు నేల మీది ఖనిజాల్లోనూ ఇంట్లో పెట్టుకోకూడనివి, పెట్టుకున్నా జాగ్రత్తపడవలసినవి ఉన్నాయి. పులివెందుల ప్రాంతపు రాతినార, అంటే ఆస్‌బెస్టాస్, ఎంత పట్టులా మెరిసినా దాని తంతువులు ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రావు, కాబట్టి మూత తెరవని గాజుసీసాలో తప్ప దానికి చోటు లేదు. నెల్లూరు అభ్రకపు గనుల శిలల్లో అక్కడక్కడా కనిపించే సామర్‌స్కైటు అనే నల్లని బరువైన ఖనిజంలో యురేనియం ఉంటుంది. పడకగది దాని స్థానం కాదు. గెలీనాను తాకిన చేతులు అన్నానికి ముందు కడుక్కోవాలన్నది చెప్పనక్కరలేనంత మామూలు విషయమే అయినా, ఎక్కువగా మరిచేదీ అదే.

రాయి పక్కన ఉండే చీటీ సేకరణలో సగం విలువ మోస్తుంది, మార్కెట్టు వెలకు మించిన విలువ అది. ఖమ్మం ప్రాంతంలో కొత్తగూడెం, పాల్వంచల సమీపాన గరీబ్‌పేట కొండ దగ్గర అల్మండైన్ అనే ముదురెరుపు గార్నెట్టు దొరుకుతుంది. లోపల సన్నని సిల్లిమనైటు సూదులు చిక్కుకొని ఉండడం దాని గుర్తుల్లో ఒకటి. పుదుచ్చేరి దగ్గరి అరికమేడు రేవులో, రోమను వర్తక కాలంలో పూసలుగా చెక్కిన గార్నెట్లు ఎక్కడివన్న ప్రశ్నకు పరిశోధకులు సమాధానం వెతికినప్పుడు, పూసల రసాయన కూర్పునూ లోపలి సూదులనూ గరీబ్‌పేట రాళ్ళతో పోల్చి వాటి మూలం ఇక్కడేనని తేల్చగలిగారు. పోల్చడానికి గరీబ్‌పేట నుంచే వచ్చిందని కచ్చితంగా తెలిసిన రాయి ఉండబట్టి ఆ పని సాధ్యమైంది. ఊరు పేరు లేని గార్నెట్టు ఎంత మెరిసినా అటువంటి ప్రశ్న ముందు మూగబోతుంది. అందువల్ల చీటీలో ఖనిజం పేరు కన్నా ముందు రాయవలసింది చోటు: జిల్లా, ఊరు, క్వారీ లేదా బావి, వీలైతే దొరికిన సంవత్సరం, చేతులు మారిన వివరం. పేరు తప్పయితే ఏ ప్రయోగశాలలోనైనా దిద్దవచ్చు, చోటును మాత్రం ఏ యంత్రమూ సులువుగా కనిపెట్టలేదు. పాత సేకర్తల చీటీ రాయితోపాటు వస్తే, కొత్త చీటీ రాసుకున్నా పాతదాన్ని పారవేయకపోవడం ఈ రంగంలో మర్యాద.

మహాకవి గోథే వైమార్‌లోని తన ఇంట్లో దాదాపు 18 వేల నమూనాలు పోగుచేశాడు. ఇనుప తుప్పుకూ, పసుపుపచ్చని మట్టికీ ఆ రంగునిచ్చే గోథైటుకు 1806లో ఆయన పేరే పెట్టారు. బ్రూక్లిన్ వంతెనను నిలబెట్టిన ఇంజనీరు వాషింగ్టన్ రోబ్లింగ్ ఇంట్లో పెంచిన 16 వేల నమూనాల సేకరణ 1926లో స్మిత్సోనియన్ సంస్థకు చేరి పరిశోధకులకు నేటికీ ఆధారంగా ఉంది. ఆ సంస్థకు ఆస్తిని రాసిచ్చిన జేమ్స్ స్మిత్సన్ కూడా ఖనిజ సేకర్తే, జింకు ఖనిజమైన స్మిత్సొనైటు ఆయన పేరును మోస్తున్నది. ఆయన వేలాది నమూనాలు మాత్రం 1865 జనవరిలో సంస్థ భవనానికి నిప్పంటుకున్నప్పుడు, చీటీలతో సహా దగ్ధమయ్యాయి. ఈ కారణంగానే జాగ్రత్తపరులైన సేకర్తలు చీటీ ఒక్కదానినే నమ్ముకోరు. రాయి అడుగున కంటికి ఆనని చోట తెల్లరంగు చుక్క పెట్టి, అది ఆరాక సన్నని కలంతో వరుససంఖ్య వేస్తారు. అదే సంఖ్య కింద వివరాలన్నీ ఒక నోటుపుస్తకంలో రాస్తారు. ఆ పుస్తకాన్ని బీరువాలో కాక, వేరే గదిలో, పైరైటు లేని చోట ఉంచుతారు.